కర్త ఒక చోట, క్రియ ఒక చోట: ఇంగ్లీషు వాక్యం పొడవైనప్పుడు దొర్లే తప్పుల గురించి

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నేను రోజూ ఇంగ్లీషులో ఉత్తరాలు, నివేదికలు రాయవలసి ఉంటుంది. వ్యాకరణం చదువుకోలేదని చెప్పను. కర్త ఏకవచనమైతే క్రియ కూడా ఏకవచనంలో ఉండాలని, బహువచనమైతే బహువచనంలో ఉండాలని నేర్చుకున్నాను. పన్నెండు కాలాల పట్టికను బడిలో కంఠస్థం చేశాను. "హి గో" అని నేను ఎన్నడూ రాయను. అయినా ఈ మధ్య నేను రాసిన రెండు పేజీల నివేదికను మా పై అధికారి దిద్ది తిరిగి పంపినప్పుడు చూస్తే, ఎర్ర సిరా గీతలు దాదాపు అన్నీ క్రియాపదాల కిందే ఉన్నాయి. వాటిలో నాలుగు వాక్యాలను ఇక్కడ ఉంచుతున్నాను.

"ది లిస్ట్ ఆఫ్ ఐటమ్స్ రిక్వయర్డ్ ఫర్ ది త్రీ రూమ్స్ ఆర్ ఎన్‌క్లోజ్డ్" అని రాస్తే, "ఆర్" కొట్టివేసి "ఈజ్" అని రాశారు. "ఈచ్ ఆఫ్ ది మెంబర్స్ హావ్ గివెన్ దెయిర్ ఒపీనియన్" అన్న చోట "హావ్"ను "హాజ్"గా మార్చారు. "వి ఆర్ యూజింగ్ దిస్ మెషీన్ సిన్స్ త్రీ ఇయర్స్" అన్న వాక్యాన్ని "వి హావ్ బీన్ యూజింగ్ దిస్ మెషీన్ ఫర్ త్రీ ఇయర్స్" అని తిరగరాశారు. "ది టెక్నీషియన్ హాడ్ కమ్ ఎస్టర్‌డే అండ్ సెడ్ దట్ హి విల్ రిటర్న్" అన్నదానిలో "హాడ్ కమ్" పోయి "కేమ్" వచ్చింది, "విల్" పోయి "వుడ్" వచ్చింది.

దిద్దిన తరువాత చూస్తే ప్రతి దిద్దుబాటూ సరైనదేనని నాకే అర్థమవుతోంది. రాసేటప్పుడు మాత్రం ఆ తప్పు కంటికి ఆనడం లేదు. సూత్రం తెలిసి కూడా ఎందుకు తప్పు రాస్తున్నాను? ఉత్తరం పంపే ముందు ఒకసారి చదువుకునేటప్పుడు ఏ చోట్ల ఆగి చూసుకోవాలి? పుస్తకాల పేర్లు కాకుండా, కారణం వివరించగలిగితే కృతజ్ఞుణ్ణి.

మొదటి సమాధానం

మీ మొదటి రెండు వాక్యాల గురించి మాత్రమే రాస్తాను. కాలాల సంగతి వేరుగా చర్చించదగినది.

కర్తకూ క్రియకూ పొత్తు కుదర్చడం తెలుగువారికి కొత్త కాదు. ఈ విషయంలో ఇంగ్లీషుకన్నా తెలుగే ఎక్కువ పట్టింపు గల భాష. వచ్చాను, వచ్చాము, వచ్చావు, వచ్చారు, వచ్చాడు, వచ్చింది, వచ్చాయి అని మనం ఒకే క్రియకు ఏడు చివరలు తగిలిస్తాము. ఇంగ్లీషులో వాటన్నిటికీ కలిపి "కేమ్" అన్న ఒక్క మాటే ఉంది. "బీ" అన్న క్రియను పక్కన పెడితే, ఇంగ్లీషు క్రియ కర్తను బట్టి రూపం మార్చుకునేది వర్తమానంలో, అదీ "హి, షి, ఇట్" అన్న వరుసలో మాత్రమే. (ఈ వరుసను ఇంగ్లీషువారు మూడవ పురుష అంటారు, మన వ్యాకరణంలో దాని పేరు ప్రథమ పురుష. పేర్లలో ఉన్న ఈ తిరగమరగ వల్ల కొందరు విద్యార్థులు "ఐ గోస్" అని రాయడం నేను చూశాను, కాబట్టి ముందే చెబుతున్నాను.)

ఇంత తేలికైన సూత్రం దగ్గర మనం ఎందుకు తడబడుతున్నామన్నదే అసలు ప్రశ్న. మీ వాక్యంలోని కర్తను తెలుగులో చెప్పి చూడండి: "మూడు గదులకు కావలసిన వస్తువుల జాబితా." గదులు, వస్తువులు, జాబితా అని మూడు నామవాచకాలున్నాయి. వీటిలో అసలైనది జాబితా, అది చిట్టచివర ఉంది. తెలుగులో విశేషణాలు, షష్ఠీ విభక్తి మాటలు, "కావలసిన" వంటి మాటలు అన్నీ ముందే వచ్చేసి, అసలు మాట చివర నిలుస్తుంది. అందువల్ల కర్తగా ఉన్న పదబంధంలో ఆఖరున వినబడిన నామవాచకంతో క్రియను కలిపితే తెలుగులో దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. పుట్టినప్పటి నుంచి మన చెవికి అలవాటైన పద్ధతి ఇది.

ఇంగ్లీషులో ఆ వరుస తలకిందులవుతుంది. "లిస్ట్" మొదటే వచ్చేస్తుంది, ఆ వెనుక "ఐటమ్స్" వస్తుంది, ఆ తరువాత "రూమ్స్" వస్తుంది, అప్పుడు గాని క్రియ రాదు. క్రియ రాయబోయే వేళకు మన చెవిలో మోగుతున్న మాట "రూమ్స్", అది బహువచనం, కాబట్టి చేయి తనంతట తానే "ఆర్" అని రాసేస్తుంది. చిన్న వాక్యంలో తప్పు చేయని మీరు పెద్ద వాక్యంలో చేస్తున్నది అందుకే. మీకు సూత్రం తెలుసు. సూత్రాన్ని ఏ మాటకు అన్వయించాలో ఎంచుకోవడంలో పాత అలవాటు అడ్డు వస్తోంది.

దీనికి నేను వాడే ఉపాయం ఒకటుంది. అనుమానం వచ్చిన చోట కర్తను మొత్తంగా తెలుగులోకి మార్చుకుని, చివర నిలిచిన మాట ఏదో చూస్తాను. "ది క్వాలిటీ ఆఫ్ ది రిపోర్ట్స్" అంటే నివేదికల నాణ్యత, చివర నిలిచింది నాణ్యత, కాబట్టి "ఈజ్" రావాలి. "ది రీజన్స్ ఫర్ ది డిలే" అంటే జాప్యానికి కారణాలు, చివర నిలిచింది కారణాలు, కాబట్టి "ఆర్" రావాలి. "ది మేనేజర్, అలాంగ్ విత్ టూ అసిస్టెంట్స్" అంటే ఇద్దరు సహాయకులతో కలిసి మేనేజర్, కాబట్టి "ఈజ్". "తో కలిసి" అన్నప్పుడు మనం కూడా "మేనేజర్ వచ్చాడు" అనే అంటాము కదా.

ఇక "ఈచ్" సంగతి. ఇక్కడ తెలుగు మనల్ని పక్కదారి పట్టిస్తుంది. "ప్రతి ఒక్కరూ చెప్పారు", "అందరూ చెప్పారు" అని రెంటికీ మనం ఒకే క్రియ వాడతాము. "ఒక్కరు" అన్న మాట అర్థంలో ఒక్కటే అయినా క్రియ మాత్రం "చెప్పారు" అనే వస్తుంది. ఇంగ్లీషులో "ఈచ్, ఎవ్రీవన్, ఎవ్రీబడీ, ఎనీవన్, నోబడీ" అన్నవి అర్థంలో ఎందరిని సూచించినా క్రియను ఏకవచనంలోనే కోరుతాయి. ఆ నాలుగైదు మాటలు కనబడితే ఆగి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

మరొక్క మాట. వ్యతిరేకార్థంలోను, ప్రశ్నలోను "హి డజ్ నాట్ గోస్" అని రాసేవారు చాలామంది ఉన్నారు. ఆ "ఎస్" ఒక్కటే, అది "డూ" మీదికి వెళ్ళి "డజ్" అయిపోయింది; ఇక "గో"కు ఏమీ మిగలదు. భూతకాలంలో ఆ బెడద కూడా లేదు. నేను రాలేదు, అతను రాలేదు, వాళ్ళు రాలేదు అన్నప్పుడు మన క్రియ ఎవరి కోసమూ ఎలా మారదో, "డిడ్ నాట్ కమ్" కూడా అలాగే మారదు.

రెండవ సమాధానం

కాలాల గురించి నేను రాస్తాను, ఎందుకంటే ఈ చిక్కుతో నేను చాలా ఏళ్ళు పెనుగులాడాను.

పన్నెండు కాలాల పట్టిక మీకు ఉపయోగపడకపోవడానికి కారణం ఉంది. ఆ పట్టిక ప్రతి రూపం ఎలా ఉంటుందో చూపిస్తుంది గాని, మీరు తెలుగులో అనుకున్న ఒక మాటకు అందులో ఏ గడిని ఎంచుకోవాలో చెప్పదు. తెలుగులో ఒకే రూపం చేసే పనిని ఇంగ్లీషు రెండు రూపాలకు పంచి ఇచ్చిన చోట్ల మనం తప్పు చేస్తాము. అలాంటి చోట్లు చాలా కొద్దివి, మీ వాక్యాలలోనే వాటిలో ముఖ్యమైనవి ఉన్నాయి.

"మూడేళ్ళ నుంచి ఈ యంత్రం వాడుతున్నాము" అన్నది చక్కని తెలుగు వాక్యం. పని ఇప్పుడు జరుగుతోంది కనుక వర్తమానంలో చెప్పాము. ఇంగ్లీషు మాత్రం గతంలో మొదలై ఇప్పటిదాకా సాగుతున్న పనికి వేరే రూపం పెట్టుకుంది: "హావ్ బీన్ యూజింగ్." "వి ఆర్ యూజింగ్" అంటే ప్రస్తుతం వాడుతున్నామని మాత్రమే అర్థం, ఎప్పటి నుంచి అన్న లెక్క అందులో ఇమడదు. రెండవ తప్పు "నుంచి" అన్న మాటలో ఉంది. సోమవారం నుంచి అంటాము, మూడు రోజుల నుంచి అని కూడా అంటాము. మొదటిది ఒక బిందువు, రెండవది ఒక వ్యవధి, అయినా మన మాట ఒక్కటే. ఇంగ్లీషు ఆ బిందువుకు "సిన్స్" అనీ, వ్యవధికి "ఫర్" అనీ వేరు చేస్తుంది. "సిన్స్ మండే", "ఫర్ త్రీ డేస్". మీరు రాయబోయే "నుంచి" క్యాలెండరులో వేలు పెట్టి చూపగలిగిన చోటా, లేక లెక్కపెట్టి చెప్పే పొడవా అని ప్రశ్నించుకుంటే ఈ తప్పు ఇక రాదు.

"వచ్చాడు" అన్నది ఇంకొక చోటు. నిన్న వచ్చాడు అంటాము, ఇప్పుడే వచ్చాడు, లోపల ఉన్నాడు అని కూడా అంటాము. ఇంగ్లీషులో మొదటిది "హి కేమ్ ఎస్టర్‌డే", రెండవది "హి హాజ్ కమ్". నిన్న, పోయిన వారం, 2019లో అని గడిచిపోయిన సమయాన్ని వాక్యంలోనే చెప్పినప్పుడు "హాజ్ కమ్" ఇమడదు. "ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే" అన్న వాక్యం అందుకే తప్పు. సమయం చెప్పకుండా, ఆ పని ఫలితం ఇప్పటికీ నిలిచి ఉందని చెప్పదలచినప్పుడు "హాజ్" తగినది.

మీ నాలుగవ వాక్యంలో ఉన్న "హాడ్ కమ్" చాలామంది చేసే పొరపాటే. జరిగి కొంత కాలమైందన్న భావనతో భూతకాలాన్ని ఇంకొంచెం వెనక్కి నెట్టి మర్యాదగా రాస్తున్నామనుకుంటాము. "హాడ్"కు ఆ పని లేదు. గతంలో రెండు సంఘటనలు ఉండి, వాటిలో ముందు జరిగినదేదో చూపవలసి వచ్చినప్పుడు దాని అవసరం పడుతుంది. "మేము వెళ్ళేసరికి అతను వెళ్ళిపోయాడు" అన్నప్పుడు, ముందు వెనుకల సంగతిని మనకు "వెళ్ళేసరికి" అన్న మాట చెబుతుంది, "వెళ్ళిపోయాడు"లో మార్పేమీ ఉండదు. ఇంగ్లీషులో ఆ బరువును క్రియ మోస్తుంది: "హి హాడ్ లెఫ్ట్ వెన్ వి అరైవ్డ్." అక్కడ "హి లెఫ్ట్ వెన్ వి అరైవ్డ్" అని రాస్తే, మేము రావడం చూసి అతను వెళ్ళాడన్న అర్థం వస్తుంది. ఒక్క "హాడ్" లేకపోతే కథ మారిపోతుంది. సంఘటన ఒక్కటే అయినప్పుడు, లేదా జరిగిన వరుసలోనే చెప్పుకుపోతున్నప్పుడు, దాని జోలికి పోనవసరం లేదు.

"తిరిగి వస్తానని చెప్పాడు" అన్నదానిలో "వస్తాను" అన్న మాట అతను పలికినట్టే ఉంది. మన "అని" ఎదుటివారి మాటను చెక్కుచెదరకుండా మోసుకు వస్తుంది. ఇంగ్లీషులోని "దట్" అలా కాదు. "సెడ్" భూతకాలంలో ఉంటే, వెనుక వచ్చే క్రియను కూడా ఒక మెట్టు వెనక్కి జరపడం అక్కడి పద్ధతి, కాబట్టి "విల్" పోయి "వుడ్" అయింది. "సూర్యుని చుట్టూ భూమి తిరుగుతుంది" వంటి ఎప్పటికీ నిజమైన సంగతులను మాత్రం వర్తమానంలోనే ఉంచవచ్చు.

తెలుగు మనకు సాయపడే చోటు కూడా ఒకటి చెప్పాలి. "రేపు వర్షం పడితే" అన్నప్పుడు "పడితే"లో భవిష్యత్తు సూచన ఏదీ లేదు. ఇంగ్లీషు కూడా అక్కడ "విల్" పెట్టనివ్వదు, "ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో" అనే రాయాలి. "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అని రాసేవారు మన భాషను అనుసరించడం వల్ల కాదు, "రేపు" అన్న మాటకు భయపడి తప్పు చేస్తున్నారు.

మూడవ సమాధానం

పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూనే, మొదటి సమాధానంలోని ఉపాయానికి ఉన్న హద్దులను చూపించడం అవసరమనిపించింది.

ఆ ఉపాయం నేను అనుకున్నదానికన్నా దూరం వెళుతుందని ముందుగా ఒప్పుకోవాలి. వ్యాకరణ పుస్తకాలు ప్రత్యేకంగా హెచ్చరించే "ఎ నంబర్ ఆఫ్ పీపుల్", "ది నంబర్ ఆఫ్ పీపుల్" అన్న జంటను తెలుగు చేసి చూడండి. మొదటిది పలువురు మనుషులు, కాబట్టి "ఆర్". రెండవది మనుషుల సంఖ్య, కాబట్టి "ఈజ్". రెండు చోట్లా సరిగ్గానే తేలింది.

కాని చివర నిలిచిన మాట ఏదో తెలిశాక, దాని వచనాన్ని తెలుగును బట్టి నిర్ణయించకూడదు. నీళ్ళు ఉన్నాయి అంటాము, "వాటర్ ఈజ్" అని రాయాలి. వార్తలు వచ్చాయి అంటాము, "న్యూస్" చివర "ఎస్" ఉన్నా అది ఏకవచనమే. వివరాలు అందాయి అని మనసులో ఉంటుంది, చేయి "ఇన్ఫర్మేషన్స్ ఆర్" అని రాస్తుంది. ఇంగ్లీషులో "ఇన్ఫర్మేషన్", "ఫర్నిచర్", "లగేజ్", "అడ్వైస్", "ఎక్విప్‌మెంట్" అన్న మాటలకు బహువచనమే లేదు. కార్యాలయ ఉత్తరాలలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనబడే తప్పు ఇదే. దీనికి ఎదురు దిక్కున "పోలీస్" ఉంది, చివర బహువచనపు "ఎస్" లేకపోయినా, దానికి "ఆర్" రావాలి. "టీమ్", "కమిటీ" వంటి సమూహ పదాలకు అమెరికాలో సాధారణంగా ఏకవచన క్రియ వాడతారు, బ్రిటన్‌లో రెండూ చెల్లుతాయి. మీరు ఏది ఎంచుకున్నా ఒకే ఉత్తరంలో అటూ ఇటూ మారకుండా ఉంటే చాలు.

తెలుగు ఏ సాయమూ చేయలేని చోటు ఒకటుంది. "సంతకం చేసే అధికారులలో ఆయన ఒకరు" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో రాయండి: "హి ఈజ్ వన్ ఆఫ్ ది ఆఫీసర్స్ హూ సైన్." ఇక్కడ "సైన్" రావాలా, "సైన్స్" రావాలా? "చేసే" అన్న మన రూపం ఎవరికీ లొంగదు. చేసే అధికారి, చేసే అధికారులు, చేసే యంత్రం అన్నిటికీ అదే. కాబట్టి మన మాటను బట్టి తేల్చలేము. "హూ" ఎవరిని సూచిస్తోందో చూడాలి. సంతకం చేసేవారు ఆ అధికారులందరూ, కనుక "సైన్". ఈ చోట ఏకవచనం రాసేవారు ఇంగ్లీషు మాతృభాషగా గలవారిలోనూ ఉన్నారు, అందుచేత ఇది తెలియకపోవడం చిన్నతనమేమీ కాదు.

"నైదర్ హి నార్ ఐ" వంటి చోట్ల క్రియకు దగ్గరగా ఉన్నదాన్ని అనుసరించి "యామ్" రాయాలని నియమం. రాసిన తరువాత వాక్యం ఎబ్బెట్టుగా అనిపిస్తే వాక్యాన్నే మార్చుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక పన్నెండు కాలాల సంగతి. భాషాశాస్త్రజ్ఞులలో చాలామంది ఇంగ్లీషు క్రియకు కాలాలు రెండే అంటారు, వర్తమానం, భూతం. క్రియ చివర మార్పు వచ్చేది ఆ రెంటికే. "విల్" అన్నది "క్యాన్", "మే", "మస్ట్" వంటి సహాయక క్రియ. మన వ్యాకరణంలో తద్ధర్మకాలమని ఒకటి విడిగా ఉంది, అలవాటును, స్వభావాన్ని చెప్పేది. "హి కమ్స్" అన్న రూపాన్ని వర్తమానమని పిలవడం వల్లనే ఎక్కువ గందరగోళం కలుగుతోంది. అది ముఖ్యంగా తద్ధర్మ రూపం. ఆయన రోజూ వస్తాడు అన్నప్పటి "వస్తాడు" అది. రేపు వస్తాడు అన్నప్పటి "వస్తాడు"కు "విల్ కమ్" కావాలి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే, "ఐ విల్ గో డైలీ" అని అలవాట్లకు కూడా "విల్" తగిలించడం ఆగిపోతుంది.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. జాబితా చివర నిలుస్తుందన్న మాట చదివాక నా పాత ఉత్తరాలు తెరిచి చూశాను. ఒక దానిలో "ది కండిషన్ ఆఫ్ ది వాల్స్ అండ్ ది విండోస్ ఆర్ నాట్ గుడ్" అని ఉంది. గోడల, కిటికీల పరిస్థితి అని ఇప్పుడు చదువుకుంటే తప్పు వెంటనే కనబడుతోంది.

ఇంకొక్క సందేహం మిగిలింది. రెండవ వాక్యంలో మా అధికారి "హావ్"ను "హాజ్" చేశారు గాని "దెయిర్"ను అలాగే వదిలేశారు. కర్త ఏకవచనమైతే "దెయిర్" ఎలా నిలుస్తుంది? పైగా "యూ" ఒక్కరే అయినా "ఆర్" ఎందుకు వస్తుందని మా అమ్మాయి అడిగితే చెప్పలేకపోయాను.

మొదటి సమాధానం రాసినవారు

మీ రెండు సందేహాలకూ జవాబు ఒకటే, అది మన "మీరు"లో ఉంది.

ఒకే పెద్దమనిషిని ఉద్దేశించి "మీరు వచ్చారు" అంటాము. మనిషి ఒక్కరే, మాట బహువచనం, క్రియ మాట వెంటే నడుస్తుంది. "మీరు వచ్చాడు" అని ఎవరూ అనరు. ఇంగ్లీషులోనూ అదే జరిగింది. ఒకప్పుడు ఒక్కరిని పిలవడానికి "దౌ" ఉండేది, దానికి "దౌ ఆర్ట్", "దౌ గోయెస్ట్" అని వేరే క్రియారూపాలు ఉండేవి. "యూ" పలువురికి చెందిన మాట. మర్యాద కోసం ఒక్కరిని కూడా "యూ" అనడం క్రమంగా పెరిగి, 17వ శతాబ్దం గడిచేసరికి ప్రామాణిక ఇంగ్లీషులో "దౌ" చాలావరకు మరుగున పడింది. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్‌లో ఆ పాత రూపాలు ఇప్పటికీ చూడవచ్చు. "హి గోస్" అనవలసిన చోట "హి గోయెత్" అని ఉండటం కూడా అందులో కనబడుతుంది. ఇప్పుడు మన ప్రాణం తీస్తున్న ఈ "ఎస్" ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతపు వాడుక నుంచి దక్షిణానికి పాకి ఆ "ఎత్"ను తొలగించింది. కాబట్టి "యూ ఆర్", "యూ వర్" అన్నవి మన "మీరు ఉన్నారు", "మీరు ఉండేవారు" వంటివేనని మీ అమ్మాయికి చెప్పండి.

"దెయిర్" కూడా ఇలాంటిదే. స్త్రీయో పురుషుడో తేల్చి చెప్పనవసరం లేని ఒక మనిషి గురించి మాట్లాడేటప్పుడు "దె", "దెయిర్" వాడడం ఇంగ్లీషులో శతాబ్దాలుగా ఉన్నదే. "ఈచ్" కర్త కనుక దాని క్రియ "హాజ్". ఆ తరువాత ఆ మనిషిని తిరిగి ప్రస్తావించే మాట "దెయిర్". రెండూ ఒకే వాక్యంలో ఉండవచ్చు. అదే మనిషి గురించి తరువాతి వాక్యం "దె"తో మొదలుపెడితే మాత్రం, మనిషి ఒక్కరేనని తెలిసినా, "దె హాజ్" అని రాయకండి, "దె హావ్" అనే రాయండి.